ఓబన్న కొత్త గొర్రు

కొత్తచెరువు చుట్టుపక్కల ఊళ్ళలో ఓబన్న పేరు చెబితే గుర్తుపట్టని రైతు ఉండడు. అలాగని ఆయన పెద్ద రైతూ కాదు, ఊరి పెద్దా కాదు. ట్రాక్టర్ డ్రైవర్. నల్లగా, సన్నగా ఎండిపోయిన మనిషి, మెడ మీద ఎర్ర టవల్, నోట్లో ఎప్పుడూ వక్కపలుకు. స్టీరింగు పట్టుకున్నాడంటే పక్కన ఎవరు కూర్చున్నా మాట్లాడనివ్వడు. "గమ్మునుండప్పా, సాలు వంకర పోతాది" అని కసురుకుంటాడు. ఆ కసురు పడనివాళ్ళు కూడా విత్తనం వేళకు ఆయన్నే పిలుస్తారు.

యాభై ఏళ్ళు దాటిన మనిషి అందులో ముప్పై ఏళ్ళు పరాయివాళ్ళ ట్రాక్టరే తోలాడు. ఆ కథ చెప్పాలంటే ముందు తిప్పేస్వామి గురించి చెప్పాలి. ఓబన్న వాళ్ళది గొర్రెలు కాచుకునే ఇల్లు. ఒక కరువులో మేత లేక మంద మొత్తం అమ్ముకున్నాక, ఇల్లు గడవని రోజుల్లో, శ్రీరంగప్ప అనే పెద్ద రైతు దగ్గర డ్రైవర్‌గా ఉన్న తిప్పేస్వామి వీణ్ణి చేరదీశాడు. బండి కడగడం నేర్పాడు, తోలడం నేర్పాడు, నేర్పేటప్పుడు నెత్తిన మొట్టికాయలు కూడా బాగానే వేశాడు. తిండి ఆయన ఇంట్లోనే. ఆయన భార్య లక్ష్మక్క సంకటి ముద్ద పెట్టి, ఊరుబిండి పచ్చడి వేసి, "ఇంకొంచెం పెట్టుకో నాయనా" అని రెండోసారి అడిగిన మనిషి. కన్నతల్లి ఇంట్లో రెండో ముద్దకు దిక్కులేని రోజులవి. అది ఓబన్న ఎలా మరిచిపోతాడు?

తిప్పేస్వామి పోయాక లక్ష్మక్కకు మిగిలింది నాలుగెకరాల ఎర్రచేను. బోరు లేదు, బావి లేదు, వాన పడితేనే పంట. పిల్లలు లేరు. మరిది మారెప్ప చేను పక్కనే ఉంది. ఆ మారెప్ప కొన్నాళ్ళుగా ఒకటే పాట. సోలార్ కంపెనీవాళ్ళు ఆ పట్టీ మొత్తం కౌలుకు అడుగుతున్నారు, ముక్కలు ముక్కలుగా అయితే వాళ్ళకు వద్దు, వదిన కూడా ఇస్తేనే తనదీ పోతుంది. ఇచ్చేయమని పొద్దుటా సాయంత్రమూ ఆమె గుమ్మం ముందు కూర్చునేవాడు. లక్ష్మక్క మాత్రం ససేమిరా అనేది.

"పంట పెట్టిన చేన్లో ఎవడు కాలు పెడతాడు మారెప్పా? బీడు పడితే గదా మీ కండ్లు పడేది" అనేది.

అదే ఆమె బలం. చేను పచ్చగా ఉంటే ఆమె మాట నిలుస్తుంది. కానీ పోయిన ఏడాది ఆ బలం కాస్తా పోయింది. ఎర్రనేలలో తడి పదును ఎన్నాళ్ళుంటుంది? వాన పడ్డ మర్నాడు విత్తాలి, ఆ మర్నాటికి సగం ఆరిపోతుంది, గాలి తోలిందా మొత్తం పోతుంది. ఆ రెండు మూడు రోజుల్లోనే ఊరు మొత్తం విత్తుకోవాలి. శ్రీరంగప్ప ట్రాక్టర్ ముందు ఆయన చేలకు, తర్వాత ఆయన బంధువుల చేలకు, తర్వాత పలుకుబడి ఉన్నవాళ్ళ చేలకు వెళ్ళింది. ఒంటరి ఆడమనిషి నాలుగెకరాలు ఎవరికి గుర్తుంటాయి? లక్ష్మక్క చేను వంతు వచ్చేసరికి నేల గట్టిపడింది. చేను బీడు పడింది.

ఆ ట్రాక్టర్ తోలిందెవరనుకున్నారు? ఓబన్నే. పొద్దునా సాయంత్రం ఆమె చేను పక్కనుంచే వెళ్ళాడు. ఆమె గట్టు మీద నిలబడి ఉండేది. పిలిచేది కాదు, చెయ్యి ఊపేది కాదు, ఊరికే నిలబడేది. ఓనరు చెప్పిన చోటికి తోలడమే డ్రైవరు పని, అది ఆమెకూ తెలుసు. తెలిసీ నిలబడింది చూడండి, అదే ఓబన్న మరవలేకపోయాడు. ఆ ఏడాదంతా ఆమె ఎదురైతే టవల్ సర్దుకుంటూ పక్క సందులోకి తిరిగిపోయేవాడు.

సంక్రాంతి పోయాక, ఉన్న మేకలమ్మి, భార్య నాగలక్ష్మమ్మ పుట్టింటి నుంచి వచ్చిన గాజులు బ్యాంకులో పెట్టి, ఓబన్న ఒక పాత ట్రాక్టర్ కొన్నాడు. ఇంటికి తెచ్చిన రోజే లక్ష్మక్క గుమ్మం ముందు ఆపి దిగాడు.

"అక్కా, ఈ తూరి వాన పడితే ఊర్లో మొదటి సాలు నీ చేన్లోనే. ఎవడొచ్చి కాళ్ళు పట్టుకున్నా సరే, ముందు నీది ఇత్తినాకే ఇంకొకరిది" అన్నాడు.

లక్ష్మక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "మీ అన్న ఉండుంటే ఈ మాటకి నీ వీపు తట్టేవాడప్పా" అంది.

ట్రాక్టర్ ఉంటే చాలదు కదా, దాని వెనక తగిలించడానికి విత్తనాలు వేసే గొర్రు కావాలి, వేసిన విత్తనం మీద మన్ను కప్పడానికి గుంటక కావాలి. పాతవి దొరకలేదు. కొత్తవే ఆర్డరు పెట్టాడు. ఎండలు మండిపోతున్న రోజుల్లో లారీలో వచ్చాయి. గోనెపట్టాలు చుట్టి, వాటి మీద ప్లాస్టిక్ చుట్టి, తాళ్ళు బిగించి పెద్ద మూటల్లా ఉన్నాయి. లారీవాడికి తొందర. మూటలు కిందికి తోసి, వాకిట్లో వాటిని ఫోను పెట్టి ఫొటో తీసుకుని, కాగితం మీద ఓబన్న చేత సంతకం పెట్టించుకుని, మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

ఓబన్న మూటలు విప్పలేదు.

ఎందుకు విప్పలేదని మీరు అడుగుతారు. అడగాల్సిందే. ఆ పల్లెల్లో సేద్యం సామాను కొత్తది వస్తే ఏరువాక పున్నమి దాకా ముట్టరు. ఆ రోజు కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, టెంకాయ కొట్టాకే దాని మీద చెయ్యి వేస్తారు. ఎద్దులున్న కాలంలో మడకకు చేసిన పూజే ఇప్పుడు ట్రాక్టరుకూ గొర్రుకూ చేస్తున్నారు. నవ్వేవాళ్ళు నవ్వుకోండి. కొత్త కారు కొన్న బాబులు చక్రాల కింద నిమ్మకాయలు నలిపించకుండా షోరూము గడప దాటుతున్నారా, అది చెప్పండి ముందు. నాగలక్ష్మమ్మ ఆ మూటల మీద ఒక పాత టార్పాలిన్ కప్పి, కోళ్ళు ఎక్కకుండా ముళ్ళకంప అడ్డం పెట్టింది. రోజూ పొద్దున వాకిలి ఊడ్చేటప్పుడు వాటి చుట్టూ కూడా ఊడ్చేది.

పున్నమి వచ్చింది. తెల్లవారుజామునే మామిడాకులు కట్టారు. లక్ష్మక్కను కూడా పిలిచారు. ఓబన్న తాళ్ళు కోసి, గోనెపట్టాలు లాగేసి, బిందెడు నీళ్ళు తెచ్చి గొర్రు కడుగుదామని విత్తనాల పెట్టెలో పోశాడు. పోసిన నీళ్ళు పోసినట్టే కిందికి కారిపోయాయి. వంగి చూశాడు. పెట్టె అడుగున అంత పొడుగు పగులు. పెట్టెలో అడ్డంగా తిరిగే ఇనుప కడ్డీ వంగిపోయి ఉంది. విత్తనాన్ని ఒక్కొక్కటిగా పైపుల్లోకి వదిలే గిన్నెలు మధ్యలో మూడు చిట్లి ఉన్నాయి. గుంటక వైపు చూస్తే దాని మన్ను గీకే అలుగు కూడా ఒక మూల మెలితిరిగి ఉంది. లారీలో ఒకదాని మీద ఒకటి పడేసి తెచ్చారో, దించేటప్పుడు తోసిన తోపుకే అయ్యిందో, ఎవడికి తెలుసు?

"నాగలక్ష్మీ, ఇది ఇరిగి..." అని నోరు తెరిచాడు.

ఆమె వచ్చి ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దయ్యో, పూజ కాడ ఆ మాట అనొద్దు. నోట్లోంచి రానియ్యొద్దు. ముందు టెంకాయ కొట్టు, ఆనక చూసుకుందాం."

కొట్టాడు. గొర్రు ముందుండే ఇనుప దూలం మీదే కొట్టాడు. టెంకాయ రెండు చెక్కలుగా పగిలి, నీళ్ళు పెట్టె మీద చిందాయి. పసుపు రాశారు, బొట్లు పెట్టారు, హారతి ఇచ్చారు. చుట్టూ ఉన్నవాళ్ళకు ఎవరికీ అనుమానం రాలేదు. ఓబన్న చేతులు జోడించి నిలబడ్డాడు గానీ, దేవుణ్ణి ఏం అడిగాడో ఆయనకే గుర్తులేదు.

ఆనక మొదలైంది ఫోన్ల గోల. ఒకరు ఇంకొకరి నంబరిస్తారు, ఆ ఇంకొకరు భోజనానికి వెళ్ళి ఉంటారు. చివరికి గొర్రు అమ్మిన కంపెనీ నుంచి శశికుమార్ అనే కుర్ర ఉద్యోగి మోటారుసైకిల్ మీద వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నెత్తిన నల్లద్దాలు. మర్యాదస్తుడే, కోపం తెచ్చుకోలేదు. అది ఇంకా ఘోరం. కోపగించుకునేవాడితో పోట్లాడొచ్చు, నవ్వేవాడితో ఏం పోట్లాడతాం?

"చూడన్నా, నువ్వు సంతకం పెట్టింది ఎండాకాలంలో. బాగుండాదనే గదా పెట్టినావు?" అన్నాడు.

"మూట మీద పెట్టినా సార్. లోపల ఏముండాదో నాకేం తెలుసు?"

"మరి ఇన్నాళ్ళు ఎందుకు విప్పలేదన్నా?"

"ఏరువాక పున్నమికి గదా సార్ విప్పేది."

శశికుమార్ గొర్రు చుట్టూ ఒకసారి తిరిగాడు. పసుపు మీద వేలు పెట్టాడు. దూలం మీద టెంకాయ కొట్టిన చోట రంగు లేచి ఉంది. దాన్ని ఫోనులో దగ్గరగా ఫొటో తీశాడు.

"టెంకాయ దీని మీదే కొట్టినావా?"

"దీని మీద కాక నా నెత్తి మీద కొట్టుకోవాల్నా?" అన్నాడు ఓబన్న, కడుపు మండి.

"కోపం చేసుకోవద్దన్నా. పైవాళ్ళు ఏమంటారంటే, దెబ్బ మీ ఇంట్లోనే తగిలింది అంటారు. నేనైతే రాసి పంపిస్తా. వాళ్ళు ఒప్పుకుంటే కొత్తది వస్తాది. అంతవరకు వెల్డింగు పెట్టించుకొని వాడుకో."

టెంకాయ దెబ్బకు ఇనుప కడ్డీ వంగుతుందట! ఈ మాట విని ఊళ్ళో చిన్నపిల్లలు కూడా నవ్వారు. నవ్వితే ఏం లాభం? పైవాళ్ళ దగ్గర్నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఓబన్న ఫోను చేసినప్పుడల్లా శశికుమార్ "ఇంకా రాలేదన్నా" అనేవాడు. రెండోవారం నుంచి ఎత్తడమే మానేశాడు.

వాన మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు. ఒక సాయంత్రం గుత్తి దిక్కు నుంచి మబ్బు పట్టి, రాత్రంతా కురిసింది. తెల్లారేసరికి వంకలు పారాయి. ఊరు మొత్తం లేచి చేల మీద పడింది. శ్రీరంగప్ప ట్రాక్టర్ అప్పటికే బయలుదేరింది. ఓబన్న పోయి ఆయన్ను పాత గొర్రు ఏదైనా ఉంటే ఒక్క పూట ఇమ్మని అడిగాడు. పదును రోజుల్లో గొర్రు ఇచ్చేవాడెవడు? పైగా తన దగ్గర పని మానేసి సొంతబండి కొన్నవాడికి! ఆయన పళ్ళు తోముకుంటూ అడ్డంగా తల ఊపాడు.

ఇంక మిగిలింది కొత్తచెరువులో వెల్డింగు షాపు. అక్కడివాళ్ళు కడ్డీని కాల్చి సాగగొట్టారు, పగులుకు రేకు అతికించారు, గుంటక అలుగు సరిచేశారు. చిట్లిన గిన్నెలు ప్లాస్టిక్‌వి. వాటికి వెల్డింగు ఎక్కడ పడుతుంది? బంక పెట్టి, సన్నతీగ చుట్టి బిగించారు. మధ్యాహ్నానికి ఇంటికి తెచ్చి, గొర్రును పైకి లేపి, చక్రం చేత్తో తిప్పి చూశాడు ఓబన్న. తొమ్మిది పైపుల్లోంచీ తొమ్మిది ధారలు గింజలు పడ్డాయి. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ పడ్డాయి. అప్పుడు పరుగున పోయి లక్ష్మక్కకు చెప్పాడు.

"మందు కలుపు అక్కా. తెల్లారే వస్తాండా."

వేరుశనగ విత్తనానికి విత్తే ముందు పురుగుమందు కలుపుతారు. గింజలు ఎర్రగా తయారవుతాయి. ఒకసారి మందు పట్టిస్తే ఆ గింజ నేలలో పడాల్సిందే, ఇంక దేనికీ పనికిరాదు. తినలేం, అమ్మలేం, కోడికి కూడా వేయలేం. లక్ష్మక్క కాయలు కొని తెచ్చి, చలికాలమంతా కూర్చుని చేత్తో ఒలుచుకున్న విత్తనం అది. యంత్రంలో ఒలిపిస్తే గింజ చీలుతుందని ఆమె పట్టుదల. గోళ్ళు అరిగిపోయి వేళ్ళు పగిలాయి. ఓబన్న మాట మీద ఆ విత్తనం మొత్తం పట్టా మీద పోసి మందు కలిపేసింది.

పొద్దున ట్రాక్టర్ తీస్తుంటే నాగలక్ష్మమ్మ అడ్డం వచ్చింది. వాళ్ళకూ ఊరి పక్కన ఒక ఎకరం ఉంది.

"ఏమయ్యో, నా మాటిను. ముందు మన చేన్లో నాలుగు సుట్లు తిప్పి చూడు. ఇంటి కాడ చేత్తో తిప్పితే పడింది గానీ, చేన్లో ఎగిరెగిరి పడతాంటే ఎట్లుంటాదో? బాగుంటే అక్క చేనుకి తోలుకపో."

"మొదటి సాలు అక్క చేన్లోనే అని చెప్పినా."

"చెప్తివి లేప్పా. మనది చెడిపోతే మనతో పోతాది. ఆమెది చెడిపోతే?"

"ఊరంతా చూస్తాండారే. ముందు మన చేన్లో దిగితే ఏమనుకుంటారు? ఆ శ్రీరంగప్పకీ నాకీ ఏం తేడా?" అని బండి ముందుకు దూకించాడు.

ఎంత మాట! ఆమె చెప్పింది చెవిన పెట్టి ఉంటే ఈ కథే లేదు. కానీ ఓబన్నకు ఆ రోజు కనిపించింది ఒక్కటే, పోయిన ఏడాది గట్టు మీద నిలబడిన ఆడమనిషి.

లక్ష్మక్క చేను దగ్గర విత్తనం మూటలు పెట్టుకుని ఉంది. నేలకు దండం పెట్టుకుని, మొదటి దోసెడు తన చేత్తో పెట్టెలో పోసింది. ఓబన్న మొదలుపెట్టాడు. నేల మెత్తగా ఉంది, కర్రులు పట్టుగా దిగుతున్నాయి, తడిమన్ను వాసన కమ్మగా వస్తోంది. ఎన్నేళ్ళ తర్వాతో తన ట్రాక్టర్, తన గొర్రు, తన ఇష్టం. అడుగడుగునా ఒళ్ళు పులకరించింది. పైపులు నల్లవి, లోపల గింజ పడేదీ లేనిదీ బయటికి కనబడదు. పడ్డ గింజ మీద వెంటనే మన్ను కప్పుకుంటుంది. పైకి చూస్తే తొమ్మిది సాళ్ళూ అద్దంలా ఉన్నాయి.

సగం చేను దగ్గర పెట్టె నింపుదామని ఆగాడు. తోలిన దూరానికి పెట్టె ఇంకా ఖాళీ అయి ఉండాలి. గింజలు కొంచెం ఎక్కువే మిగిలి ఉన్నాయి. అప్పుడే మనసులో ముల్లు గుచ్చుకుంది. దిగి నేల గీకి చూద్దామా అనుకున్నాడు. గట్టు మీద తర్వాతి వంతు రైతు కుళ్ళాయప్ప నిలబడి అరుస్తున్నాడు.

"ఏమన్నా, ఇంకా ఎంతసేపు? గాలి తిరిగినాది చూడు, పదును పోతాండాది!"

నిజంగానే గాలి తిరిగింది. పొడిగాలి. పెట్టె నిండుగా పోసుకున్నానేమో, అందుకే మిగిలిందేమో అని ఓబన్న తనకు తానే చెప్పుకున్నాడు. దిగలేదు. గేరు వేసి మిగతా సగం కూడా తోలేశాడు.

చేను అయ్యాక మూట ఒకటి అలాగే మిగిలింది. లక్ష్మక్క దాన్ని ఎత్తి చూపించి నవ్వింది.

"చూడప్పా, ఇత్తనం మిగిలింది! నీ చెయ్యి చలవ."

ఓబన్న ఇంజిను ఆపకుండానే దూకి, చేన్లోకి పోయి, కూర్చుని వేళ్ళతో మన్ను తవ్వాడు. మొదటి సాలులో గింజ ఉంది. రెండులో ఉంది, మూడులో ఉంది. నాలుగులో లేదు. ఐదులో లేదు, ఆరులో లేదు. ఇంకో చోటికి పోయి తవ్వాడు. అక్కడా అంతే. వచ్చి గొర్రు కిందికి దూరి చూస్తే, కుదుపులకు తీగలు తెగి మధ్య గిన్నెలు మూడూ ఒరిగి, వాటి నోళ్ళు పూడుకుపోయి ఉన్నాయి.

లక్ష్మక్క అప్పటికే పక్కకొచ్చింది. "ఏమైందప్పా? యాల అట్లా చూస్తాండావు?"

"అక్కా... నడమ మూడు సాళ్ళల్లో ఇత్తనం పడలేదు."

"యాడ?"

"చేనంతా, శానావరకు."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. చేను వైపు చూసింది. చేను చక్కగా, నున్నగా కనబడుతోంది.

"నీకు తోలేటప్పుడు తెలీలేదా?" అంది.

ఓబన్న అబద్ధం చెప్పొచ్చు. చెప్పినా ఆమె నమ్మేది. "సగం చేను కాడ అనుమానం తగిలినాది అక్కా. దిగి చూద్దామనుకున్నా. ఆపలేదు" అన్నాడు తల వంచుకుని.

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. మూట కింద పెట్టి, మిగిలిన విత్తనం ఒళ్ళో పోసుకుని, ఒక పుల్ల విరుచుకుని చేన్లోకి దిగింది. కూర్చుని, నాలుగో సాలులో పుల్లతో గుంత చేసి, గింజ వేసి, మన్ను కప్పింది. ఇంకో గుంత. ఇంకో గింజ.

కుళ్ళాయప్ప చూసినంతసేపు చూసి, నోటికొచ్చినట్టు తిట్టి, శ్రీరంగప్ప ట్రాక్టర్ కోసం పోయాడు. ఆయన వెనకే మిగతావాళ్ళూ పోయారు. విరిగిన గొర్రు ఓబన్నది అన్న మాట పొద్దు తిరిగేలోగా ఊరు దాటింది. నాగలక్ష్మమ్మను పిలిపించి, ఓబన్న కూడా చేన్లో కూర్చున్నాడు. ముగ్గురూ పక్కపక్కనే గుంతలు పెడుతూ పోయారు. నాగలక్ష్మమ్మ "నేను చెప్పలేదా" అనలేదు, పాపం, ఆ మాత్రం పుణ్యం కట్టుకుంది. ఎండ కాసింది. ఆషాఢం గాలి ఎర్రదుమ్ము లేపి కళ్ళల్లో కొట్టింది. నాలుగెకరాల్లో మూడోవంతు పుల్లలతో విత్తడం ముగ్గురి వల్ల అయ్యే పనేనా? మర్నాడూ విత్తారు, ఆ మర్నాడూ విత్తారు. చివరి రోజు పుల్ల దిగకపోతే గడ్డపారతో పొడిచారు. లోపల మన్ను కూడా పొడిగానే వచ్చింది.

తర్వాత చాన్నాళ్ళు వాన పడలేదు. గొర్రుతో పడిన గింజ మొలిచింది, చేత్తో పెట్టింది మొలవలేదు. కంజు పిట్టలు కొంత తవ్వుకు తిన్నాయి, మిగతాది లోపలే మాడిపోయింది. చేను చూస్తే మూడు సాళ్ళు పచ్చ, మూడు సాళ్ళు ఎరుపు, మళ్ళీ మూడు సాళ్ళు పచ్చ, నడుమ పళ్ళు ఊడిన దువ్వెనలాగా. దారిన పోయేవాళ్ళు ఆగి చూసి, నాలుక చప్పరించి పోయేవాళ్ళు. ఓబన్నను ఆ సీజనులో ఇంకెవరూ విత్తనానికి పిలవలేదు.

ఆలస్యంగా పడ్డ జల్లులకు ఖాళీ సాళ్ళలో కలుపు మాత్రం బ్రహ్మాండంగా లేచింది. దాన్ని తీయాలంటే కూలోళ్ళు కావాలి, తీసినా దక్కేది పశువుల మేతకు తప్ప చాలదు. మారెప్ప మళ్ళీ వచ్చి గుమ్మం ముందు కూర్చున్నాడు.

"వదినా, సోలారోళ్ళు ఈ నెల్లోనే చేలు ఖాళీ చేసియ్యాల అంటాండారు. ఇంక నీ ఇష్టం. ఈ పంట చూసుకొని యాడికి పోతావు?"

లక్ష్మక్క లేచి చేను వైపు నడిచింది.

ఆమె ఒక పొద్దున ఓబన్న వాకిట్లోకి వచ్చింది. నాగలక్ష్మమ్మ పీట వేస్తే కూర్చోలేదు. నిలబడే చెప్పింది.

"చేను ఇచ్చేస్తాండా ఓబన్నా. మడకలు తగిలించుకొని రా, పంట దున్నేయాల."

ఓబన్న లేచి నిలబడ్డాడు. "అక్కా, ఇంకెవరితోనైనా చేయిచ్చుకో. నా వల్ల గాదు."

"నా వల్ల మాత్రం ఔతాందా?" అంది ఆమె. "ఇత్తింది నువ్వు. చెరిపేది గూడా నువ్వే రా. ఇంకొకని ట్రాక్టర్ నా చేన్లో దిగనియ్యను."

పోయాడు. పోక ఏం చేస్తాడు? దున్నే మడకలు తగిలించుకుని, చేను మొదట్లో ట్రాక్టర్ ఆపాడు. మొలిచిన సాళ్ళు పూత మీద ఉన్నాయి. పసుపుపచ్చటి పూలు నేలను పట్టుకుని పూశాయి. లక్ష్మక్క వంగి ఒక చెట్టు పీకి చూసింది. కాయలు కట్టే ఊడలు అప్పుడే దిగుతున్నాయి. దాన్ని అక్కడే పడేసి, పోయి గట్టు మీద కూర్చుంది.

ఓబన్న మడకలు దించి కదిలాడు. వెనక్కి చూడకూడదనుకున్నాడు గానీ చూశాడు. చెట్లు వేళ్ళతో సహా తిరగబడి, పచ్చి ఆకులతో ఎర్రమన్నులో కలిసిపోతున్నాయి. ఒక సుట్టు తిరిగి వచ్చేసరికి ఆమె కొంగు నోట్లో కుక్కుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది. ఓబన్న కాళ్ళు వాటంతటవే బ్రేకు మీద పడ్డాయి. ట్రాక్టర్ ఆగింది.

లక్ష్మక్క లేచి నిలబడింది. మొహం తుడుచుకోలేదు. చెయ్యెత్తి, ఇంజిను చప్పుడును మించి అరిచింది.

"ఆపొద్దప్పా! ఆపాల్సిన పొద్దు ఆపలేదు, ఇప్పుడు యాల ఆపుతావు? పోనీ!"

ఓబన్న గేరు వేశాడు. మధ్యాహ్నానికి చేను అయిపోయింది.